మా ఇంటికొచ్చే మిషనరీ పిల్లల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేము రాజమండ్రి నుంచి బెంగుళూరు వచ్చి 17 ఏళ్ళయింది. మారతహళ్ళి దగ్గర ఉంటాం. మా చర్చి పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. బయట అందరూ మోర్మన్లనే అంటారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జితో ఇద్దరు కుర్రాళ్ళు వారానికోసారైనా మా ఇంటికి భోజనానికొస్తారు. ఒక్కోసారి ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళు వెళ్ళాక లిఫ్టులో పక్క ఫ్లాటువాళ్ళు అడుగుతారు, కింద వాచ్‌మన్ అడుగుతాడు, ఊరినుంచి వచ్చిన చుట్టాలు అడుగుతారు. మా పెద్దమ్మాయి ఇలాగే ఇంగ్లాండు వెళ్ళి 18 నెలలు సేవ చేసింది. మావాడు ఫిలిప్పీన్స్ వెళ్ళి మధ్యలో తిరిగొచ్చాడు. రెండు గట్లూ చూసినదాన్ని కాబట్టి, మాటిమాటికీ అడిగేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఇది చర్చి తరఫున రాసింది కాదు, ఒక తల్లి రాసింది.

ప్రశ్న: ఎవరీ పిల్లలు? ఎప్పుడు చూసినా ఇద్దరే ఎందుకు తిరుగుతారు?

చదువు మధ్యలోనో, ఇంటర్ అయ్యాకో, ఇల్లు వదిలి దేవుడి పని మీద వచ్చినవాళ్ళు. అబ్బాయిలకి 24 నెలలు, అమ్మాయిలకి 18 నెలలు. 2012 అక్టోబరులో వయసు తగ్గించారు: అబ్బాయిలకి 19 నుంచి 18, అమ్మాయిలకి 21 నుంచి 19. 2025లో అమ్మాయిలకి కూడా 18 చేశారు. ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళు ఎంచుకోరు. దరఖాస్తు పెడతారు, పిలుపు వస్తుంది, అందులో ఏ ఊరుంటే ఆ ఊరికి వెళ్తారు. మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మన దేశం పిల్లలే. కొందరు మాత్రం అమెరికాలోని యూటా, ఐడహోల నుంచి వచ్చారు.

ఇద్దరూ ఒకరికొకరు కంపానియన్లు. ఒకే ఇంట్లో ఉండాలి, ఒకే బస్సెక్కాలి, ఒకరిని విడిచి ఒకరు ఎక్కడికీ వెళ్ళకూడదు. ఎవరితో ఎవరుండాలో మిషన్ ప్రెసిడెంటు, అంటే ఆ ప్రాంతం మిషనరీలందరి బాధ్యత చూసే పెద్ద, నిర్ణయిస్తారు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి. అప్పుడు జత మారొచ్చు, ఊరూ మారొచ్చు. అబ్బాయిలని ఎల్డర్ అని, అమ్మాయిలని సిస్టర్ అని ఇంటిపేరుతో పిలుస్తారు. ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం చెబితే, మా అత్తగారు మీసం కూడా సరిగ్గా రాని పిల్లాణ్ణి పట్టుకుని "రా పెద్దాయనా, కూర్చో" అనేవారు. ఆ పిలుపు ఆ పిల్లాడికి ఎంత నచ్చిందో! వెళ్ళేదాకా ఆవిడ చేత అలాగే పిలిపించుకున్నాడు.

ప్రశ్న: వీళ్ళకి జీతమెంత? మనిషిని మారిస్తే ఇంతని ముడుతుందా?

ఒక్క పైసా ముట్టదు. వాళ్ళే ఎదురు కట్టుకుంటారు. అమెరికా కుటుంబాలు నెలకి 400 డాలర్లు కట్టేవి, 2020 జూలై నుంచి 500 అయింది. చాలామంది పిల్లలు హైస్కూల్లో ఉన్నప్పటినుంచే పార్ట్‌టైము పనులు చేసి కూడబెట్టుకుంటారు. మన దేశంలో అంత కట్టమనరు, కట్టలేనివాళ్ళకి చర్చి నిధి సాయం చేస్తుంది. మా అమ్మాయి కోసం నేను రెండేళ్ళు చీటీ కట్టాను. "మతం మార్చితే కమీషన్" అనే మాట మా మెట్ల మీదే నా చెవిన పడింది. ఆ మాట అన్నవాళ్ళకి ఈ చీటీ సంగతి చెప్పాలనిపించింది.

ప్రశ్న: వాళ్ళ రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున ఆరున్నరకి లేస్తారు, రాత్రి పదిన్నరకి లైటు ఆర్పేస్తారు. లేవగానే మోకాళ్ళ మీద ప్రార్థన, కాస్త వ్యాయామం, స్నానం, ఫలహారం. తర్వాత ఎవరికి వాళ్ళు లేఖనాలు చదువుకోవడం, ఆపైన ఇద్దరూ కలిసి చదవడం. భాష నేర్చుకునేవాళ్ళు దానికి ఇంకో గంట పెట్టుకుంటారు. అక్కడినుంచి బయటికి. ఎవరింట్లోనో పాఠం చెబుతారు, ఒంట్లో బాగాలేని సభ్యుల్ని చూసొస్తారు, ఎవరైనా ఇల్లు మారుతుంటే బీరువా మోస్తారు. మేము ఈ ఫ్లాటులోకి వచ్చిన రోజు ఫ్రిజ్జు మూడంతస్తులు మోసింది వాళ్ళే. సినిమాలుండవు, ప్రేమలుండవు. ఫోను ఉంటుంది కానీ పనికి సంబంధించిన దానికే.

వారంలో ఒకరోజు సొంత పనులకి. దాన్ని పీ-డే అంటారు, మామూలుగా సోమవారం. బట్టలుతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోను, కుదిరితే క్రికెట్టో బాస్కెట్‌బాలో. ఒక సోమవారం సాంబారు ఇవ్వడానికి వాళ్ళుండే ఇంటికి వెళ్తే, యూటా పిల్లాడు బాల్కనీలో స్టూలు మీద కూర్చుని చొక్కా కాలరు రుద్దుతున్నాడు. అవుటర్ రింగ్ రోడ్డు దుమ్ము, చెమట కలిసి కాలరు లోపలి మడతలో టీ డికాక్షన్ రంగులో చార పడింది. పాత పళ్ళ బ్రష్షుకి బట్టల సబ్బు రాసుకుని ఆ చార మీద ఒక చివరనుంచి ఇంకో చివరకి, మళ్ళీ వెనక్కి. నాలుగు చొక్కాలు అయిపోయాయి, ఐదోది చేతిలో ఉంది. "వాళ్ళమ్మ చూస్తే ఏమనుకుంటుందో" అనుకున్నాను. గిన్నె గట్టు మీద పెట్టి ఆ ఐదో చొక్కా నేను అందుకున్నాను.

ప్రశ్న: మధ్యాహ్నం వస్తే లోపలికి రమ్మన్నాను. రాకుండా గేటు దగ్గరే నిలబడ్డారు. తప్పుగా అనుకున్నారా?

లేదమ్మా. ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంటే అబ్బాయిలు లోపలికి రాకూడదు. మగవాళ్ళు ఎవరైనా పెద్దవాళ్ళు ఉండాలి. అమ్మాయి మిషనరీలకి ఇదే నియమం తిరగేసి. మంచినీళ్ళు గేటు దగ్గరికే పట్టుకెళ్ళి ఇవ్వండి, మీ ఆయన ఇంటికొచ్చే వేళ చెప్పండి.

ప్రశ్న: కాఫీ, టీ తాగరట కదా. ఇంటికొచ్చినవాళ్ళకి మరేమివ్వాలి?

1833లో మా చర్చిని స్థాపించిన జోసెఫ్ స్మిత్ ప్రవక్తకి వచ్చిన ప్రత్యక్షత ప్రకారం మేము కాఫీ, టీ, సారా, పొగాకు ముట్టం. దాన్ని జ్ఞానవాక్యం అంటాం. తెలుగిళ్ళలో కాఫీ వద్దంటే ఇల్లాలి మొహం చిన్నబోతుంది, నాకు తెలుసు. నేను ఈ విశ్వాసంలోకి వచ్చిన మొదటి ఏడాది నన్ను అందరికన్నా ఎక్కువ ఏడిపించింది పొద్దుటి ఫిల్టరు కాఫీయే. మజ్జిగ ఇవ్వండి, నిమ్మరసం ఇవ్వండి, రాగిజావ ఇవ్వండి, బాదంపాలు ఇవ్వండి. సొంటి, మిరియాలు వేసిన కషాయం కూడా తాగుతారు. మాంసం తింటారు. కారం మాత్రం చూసి వెయ్యండి, వద్దనడం రాక కళ్ళనీళ్ళతో తినేస్తారు.

నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసముంటారు. ఆ తిండికయ్యే డబ్బుని పేదవాళ్ళ కోసం చర్చికిస్తారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి పిలవకండి. రాత్రికి పిలిస్తే మీ చేతి వంటని ఎప్పటికీ మర్చిపోరు.

ప్రశ్న: మాకు వాళ్ళ మతం మీద ఆసక్తి లేదు. కానీ పిల్లల్ని చూస్తే జాలేస్తుంది, వద్దనలేం. ఏం చెయ్యాలి?

వద్దని చెప్పండి. ఈ ఒక్క జవాబు కోసమే నేను ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

మనవాళ్ళకి కాదనడం చేతకాదు. "చూద్దాం బాబూ", "ఆదివారం రండి", "మా ఆయన్నడిగి చెబుతా" అంటాం. మనలో మనకి ఆ మాటల అర్థం తెలుసు. ఆ పిల్లలకి తెలియదు. వాళ్ళకి ఆదివారం అంటే ఆదివారమే. రాత్రి ఇంటికెళ్ళి మీ పేరు, ఇంటి నంబరు, టైము రాసుకుంటారు. పడుకునే ముందు మోకాళ్ళ మీద మీ పేరు చెప్పి ప్రార్థిస్తారు. మీ పిల్లలకి పరీక్షలున్నాయని మాటల్లో అని ఉంటే ఆ పరీక్షల గురించి కూడా ప్రార్థిస్తారు. మీరు మాట తప్పించుకోవడానికి అన్నది, వాళ్ళు మీరిచ్చిన మాటగా మోసుకెళ్తారు.

ఒక తెలుగు కుటుంబం ఒక కుర్రాణ్ణి ఇలాగే మూడు ఆదివారాలు రమ్మంది. రెండుసార్లు తాళం వేసి ఉంది. మూడోసారి లోపల లైటుంది, టీవీలో సీరియల్ వినిపిస్తోంది, బెల్లు కొట్టగానే టీవీ శబ్దం ఆగిపోయింది. తలుపు తియ్యలేదు. ఆ సాయంత్రం వాళ్ళ భోజనం మా ఇంట్లో. ఎప్పుడూ మూడోసారి అన్నం వడ్డించుకునేవాడు, ఒక ముద్ద కలిపి అలాగే కూర్చున్నాడు. "నేనేదైనా తప్పు మాట్లాడానా సిస్టర్, వాళ్ళు నొచ్చుకున్నారా?" అని అడిగాడు. తప్పు తన తెలుగులో ఉందనుకున్నాడు!

ఇది మన తెలుగువాళ్ళ ఒక్కళ్ళ అలవాటూ కాదు. మా అమ్మాయి ఇంగ్లాండులో ఉన్నప్పుడు ఒకసారి రాసింది: "అమ్మా, నా పుస్తకంలో పదకొండు పేర్లున్నాయి. అందరూ ఇంకోసారి రామ్మా అన్నవాళ్ళే. ఈ వారం వానలో పదకొండిళ్ళకీ వెళ్ళాం. ఒక్కావిడ మాత్రం తలుపు తీసి, నాకిది వద్దు తల్లీ, కానీ నువ్వు తడిసిపోయావు, తుండు తీసుకో అంది. ఆవిడంటే నాకు చాలా గౌరవం కలిగింది." ఆ ఉత్తరం చదివిన రోజునుంచి నేను ఎవరికీ ఉత్తుత్తి మాట ఇవ్వలేదు, కూరగాయలబండివాడికి కూడా.

కాబట్టి ఇలా అనండి: "మా దేవుడు మాకున్నాడు బాబూ, పాఠాలు మాకొద్దు. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి." వాళ్ళు నొచ్చుకోరు. థాంక్స్ చెప్పి, మజ్జిగ తాగి, మీ పేరు కొట్టేసుకుని వెళ్తారు. ఇంకా వస్తుంటే ఇంకోసారి గట్టిగా చెప్పండి, అదీ మీ హక్కే.

ప్రశ్న: వీళ్ళు అసలు క్రైస్తవులేనా? మా పాస్టరుగారు కాదంటున్నారు.

మేము యేసు క్రీస్తుని దేవుని కుమారుడని, రక్షకుడని నమ్ముతాం. ఆదివారం సంస్కారంలో ఆయన్ని తలచుకుంటూ రొట్టె, నీళ్ళు తీసుకుంటాం. ద్రాక్షరసం వాడం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఉద్దేశంలో ఒకటే కానీ ముగ్గురు వేరు వేరు అని నమ్ముతాం. బైబిలుతోపాటు 1830లో అచ్చయిన మోర్మన్ గ్రంథాన్ని కూడా దేవుని వాక్యంగా చదువుతాం. మిగతా సంఘాలవాళ్ళకి ముఖ్యంగా ఈ రెండు చోట్ల అభ్యంతరం. మీ పాస్టరుగారు చెప్పిన తేడా నిజంగా ఉంది, దాన్ని దాచి మాట్లాడే మిషనరీ ఉంటే అది తప్పు. బహుభార్యత్వం గురించి కూడా అడుగుతారు: 19వ శతాబ్దంలో ఉండేది, 1890లో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఇప్పుడు ఎవరైనా చేస్తే సంఘంలో ఉండనివ్వరు.

ప్రశ్న: ఇంటరు చదివే మా పిల్లాడు వాళ్ళతో బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. మాకు తెలియకుండా బాప్తిస్మం ఇచ్చేస్తారా?

18 నిండని పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇవ్వరు. పెళ్ళయినవాళ్ళయితే భార్యో భర్తో ఒప్పుకోవాలి. మీరే ఒకరోజు గ్రౌండుకి వెళ్ళి వాళ్ళతో మాట్లాడండి.

ప్రశ్న: ఇంటిమీద బెంగ పెట్టుకోరా? వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడతారా?

2019 ఫిబ్రవరి దాకా ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మిగతా వారాలు ఈ-మెయిలే. ఇప్పుడు వారానికోసారి వీడియో కాల్ చేసుకోవచ్చు. ఇక్కడ సోమవారం పొద్దున ఎనిమిదైతే, చలికాలంలో యూటాలో ఆదివారం రాత్రి ఏడున్నర. అక్కడ అందరూ చర్చినుంచి వచ్చి తీరిగ్గా ఇంట్లో ఉండే వేళ, అందుకని సోమవారం పొద్దున వాళ్ళని కదిలించకండి.

బెంగ ఉంటుంది. ఐడహో పిల్లాడొకడికి ఒక గురువారం వాళ్ళమ్మ తల్లి పోయిందని కబురొచ్చింది. కావాలంటే వెళ్ళొచ్చన్నారు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, ఉండిపోతానన్నాడు. ఆ రాత్రి మా ఇంటికి భోజనానికి రావాల్సిన వంతు వాళ్ళదే. రారనుకున్నాను, వచ్చారు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి పెట్టాను. తింటూ తింటూ, "తెలుగులో గ్రాండ్‌మదర్‌ని ఏమంటారు?" అన్నాడు. నాన్నకి అమ్మయితే నానమ్మ, అమ్మకి అమ్మయితే అమ్మమ్మ అని చెప్పాను. గరిటె పట్టుకుని నిలబడ్డాను, వాడు పళ్ళెంలోకి చూస్తూ నోట్లోనే "అమ్మ, అమ్మ" అని రెండు ముక్కలుగా విడగొట్టి అనుకున్నాడు. "రెండుసార్లు అమ్మ" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. పక్కనున్న కాకినాడ కుర్రాడు ఏమీ మాట్లాడకుండా తన కుర్చీ వాడి కుర్చీకి ఆనించుకుని కూర్చున్నాడు. కంపానియన్ అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

ప్రశ్న: మా అమ్మాయికి విదేశానికి పిలుపొచ్చింది. అక్కడ విశ్వాసం నిలబడుతుందా?

నిలబడుతుంది, కానీ ఇక్కడున్నట్టు ఉండదు. శిక్షణలో కొంత ఇంటినుంచే ఆన్‌లైన్లో మొదలవుతుంది. మా హాల్లో సోఫా వెనక దుప్పటి కట్టి దాన్ని క్లాసురూము చేసుకుంది మా అమ్మాయి. ఇంగ్లాండు అనగానే ప్రెస్టన్ గుర్తొచ్చి నేను పొంగిపోయాను. 1837లో బ్రిటన్‌కి వచ్చిన మొదటి మిషనరీలు బోధించింది అక్కడే, రిబుల్ నదిలో మొదటి బాప్తిస్మాలిచ్చారు. అక్కడికెళ్ళాక మా పిల్లకి ఎదురైంది మాత్రం వాన, మూసిన తలుపులు, ప్రతి ఇంట్లో టీ. టీ వద్దంటే అక్కడివాళ్ళ మొహాలూ మనలాగే చిన్నబోతాయట. వేడినీళ్ళలో నిమ్మచెక్క అడగడం నేర్చుకుంది.

నాలుగో నెలలో, ప్రార్థన గాలిలోకి పోతున్నట్టుందని రాసింది. పగలంతా ఇంగ్లీషులో ప్రార్థించేది, ఇంగ్లీషులో సాక్ష్యం చెప్పేది. ఒక రాత్రి చలికి దుప్పటి తలమీదకి లాక్కుని, తెలుగు మోర్మన్ గ్రంథం తీసి, చిన్నప్పుడు నేను చదివించినట్టు పైకి చదివిందట. తర్వాత "పరలోకపు తండ్రీ" అని తెలుగులో మొదలుపెడితే మాటలు ఆగలేదట. అప్పటినుంచి పగటి ప్రార్థన ఊరివాళ్ళ భాషలో, రాత్రి ప్రార్థన అమ్మ భాషలో. మీ అమ్మాయి పెట్టెలో ముందు తెలుగు పుస్తకం పెట్టండి, స్వెట్టరు అక్కడైనా దొరుకుతుంది.

ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చిందని ఫోన్లో అడగకండి. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ పిల్ల గొంతు మారిపోయింది. ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు, ఏం చదివావు అని అడిగిన వారం గంటసేపు చెప్పేది.

ప్రశ్న: మధ్యలో వచ్చేస్తే?

మావాడు ఐదు నెలలకి వచ్చేశాడు. రాత్రుళ్ళు నిద్రలేదు, తలుపు తట్టబోతే చేతులు వణికేవి, ఊపిరందేది కాదు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా కొంచెం కనిపించేది, దేవుడి పనిలో పడితే సర్దుకుంటుందని నేనే పంపాను. అది నా పొరపాటు. డాక్టరు, మిషన్ ప్రెసిడెంటు, మేము మాట్లాడుకుని పిలిపించాం. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చాడు. బ్యాడ్జి జేబు మీదే ఉంది కానీ అక్షరాలు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్నాడు. స్టేక్ అంటే మా సంఘాలు కొన్ని కలిపిన విభాగం; ఆ స్టేక్ ప్రెసిడెంటుగారి దగ్గరికెళ్ళి, ఆయన సేవ నుంచి విడుదల చేసేదాకా అలాగే ఉంచుకున్నాడు.

"ఎందుకొచ్చేశాడు?" అని చుట్టాలు అడిగారు, చర్చిలోనూ అడిగారు. గుమ్మంలో నిలబెట్టి, వాడి ముందే, "తప్పేమైనా చేశాడా?" అన్నవాళ్ళున్నారు. అంతకన్నా పెద్ద గాయం ఆ ఐదు నెలలు చెయ్యలేదు. దయచేసి ఎవర్నీ అలా అడగకండి. జ్వరంతో వచ్చినవాణ్ణి అడుగుతామా?

మందులు వాడాడు, కౌన్సెలింగుకి వెళ్ళాడు. రెండు నెలలు గది దాటలేదు. అప్పుడు ఇక్కడి ఎల్డర్లిద్దరూ వచ్చి, కె.ఆర్.పురంలో ఒక తెలుగు తాతగారికి ఇంగ్లీషు రాదు, మాతో వచ్చి మాట తెలుగులో చెప్పి పెట్టగలవా అని అడిగారు. వెళ్ళాడు. మరుసటి వారం వాడే టైమడిగాడు. తర్వాత ఇంట్లోనే ఉండి చేసే సేవా మిషన్ కొన్నాళ్ళు చేశాడు. బాప్తిస్మం సంగతి ఏమో కానీ, ఆ తాతగారు ఇప్పటికీ మావాడికి ఫోను చేస్తారు.

ప్రశ్న: ఈ చర్చి మన తెలుగువాళ్ళకి ఎప్పుడొచ్చింది?

మద్రాసుకి 1853లోనే వచ్చారు. రిచర్డ్ బాలెంటైన్ అనే ఆయన, యూటాలో మా సండే స్కూలు మొదలుపెట్టిన ఆయనే, ఓడలో వచ్చి ఏడాదిపాటు బోధించి ఒక పత్రిక కూడా అచ్చువేశారు. అది నిలవలేదు. మనవాళ్ళ కథ 1978 డిసెంబరులో మొదలు: ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే హైదరాబాదు దంపతులు సమోవాలో ఉద్యోగానికెళ్ళి అక్కడ విశ్వాసంలోకొచ్చి, మిషనరీలుగా సొంతవాళ్ళ దగ్గరికి తిరిగొచ్చారు. వాళ్ళ బంధువుల్లో చాలామంది చేరారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీగారి తండ్రి, ఆయన బాప్టిస్టు పాదిరి. బెంగుళూరు మిషన్ 1993లో ఏర్పడింది. దేశంలో మొదటి స్టేక్ 2012లో హైదరాబాదులో. బెంగుళూరులో మా చర్చి దేవాలయం కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు, వైట్‌ఫీల్డ్ వైపు 2020 డిసెంబరు 2న పని మొదలైంది. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో పాయసం వండాను.

ప్రశ్న: ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోతున్నారు. ఏమిచ్చి పంపాలి?

బరువైనవి వద్దు, రెండు పెట్టెల్లోనే వాళ్ళ కాపురమంతా ఉంటుంది. ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపండి, ఏ తల్లికైనా అంతకన్నా బంగారం లేదు. ఆవకాయ అడిగితే చిన్న సీసాలో ఇవ్వండి. మూత బిగించి పైన ప్లాస్టిక్ కవరు వేసి, రబ్బరు బ్యాండు రెండు వరసలు చుట్టి, బట్టల పెట్టెలో కాకుండా భుజం సంచిలో నిలువుగా పెట్టమనండి. తెల్ల చొక్కాకి నూనె అంటితే ఏ బ్రష్షుతో రుద్దినా పోదు.